శుభలేఖ మీది మూడు ‘స్తు’లు: గ్రాఫిక్ డిజైనర్‌గా బాపు

హైదరాబాదులో పెళ్లి శుభలేఖ అచ్చు వేయించుకోవడానికి వెళ్లిన కుటుంబం ముందు దుకాణదారు పరిచే నమూనాల్లో తెలుగు అక్షరం చాలావరకు ఒకే పోలికలో కనబడుతుంది. కాస్త వాలుగా సాగే ఒరవడి, ఒకచోట లావుగా మొదలై మరోచోట సన్నబడే గీత, విసురుగా పైకి లేచిన తలకట్టు. అదే పోలిక మిఠాయి దుకాణం బోర్డు మీద, సంగీత సభ ఆహ్వానపత్రం మీద, కవితా సంపుటి అట్ట మీద, వినాయక మండపం ఫ్లెక్సీ మీద, చివరికి శ్రద్ధాంజలి ప్రకటన మీద కూడా ఎదురవుతుంది. ఇది ఎవరి రాత అని అడిగితే డీటీపీ ఆపరేటర్ నుంచి ఇంటి పెద్ద వరకు అందరూ చెప్పే పేరు బాపు. ఒక మనిషి చేతిరాత ఒక భాష మాట్లాడేవారందరికీ ఇంత పరిచయం కావడం అరుదైన సంగతి. అయినా ఆ అక్షరం వెనక ఉన్న పని ఏమిటి, అది ఏ అవసరాల వల్ల అలా రూపుదిద్దుకుంది, కంప్యూటర్‌లోకి చేరినప్పుడు అందులో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్న ప్రశ్నలను మనం పెద్దగా వేసుకోలేదు. బాపు గురించి వచ్చిన రచనల్లో అభిమానానికి కొదవ లేదు. ఆయన బొమ్మల అందం గురించి, సినిమాల గురించి, ముళ్లపూడి వెంకటరమణతో స్నేహం గురించి ఎంతో రాశారు. ఇక్కడ మాత్రం ఆయనను గ్రాఫిక్ డిజైనర్‌గా, అంటే అచ్చుయంత్రం, కాగితం, సిరా, గడువు, ఖర్చు అనే హద్దుల మధ్య పాఠకుడి చూపును నడిపించిన వృత్తినిపుణుడిగా పరిశీలిద్దాం.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులో గడిచింది. 2014 ఆగస్టు 31న అక్కడే కన్నుమూశారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా అందుకున్న 1955లోనే ఆంధ్రపత్రికలో రాజకీయ వ్యంగ్యచిత్రకారుడిగా చేరారు. ఆ రోజుల్లో తెలుగు అచ్చుకూ తెలుగు సినిమాకూ రాజధాని మద్రాసే. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914 నుంచి అక్కడ వెలువడుతోంది. ఆంధ్రప్రభ 1938లో అక్కడే మొదలైంది. కాబట్టి హైదరాబాదు బాపు కార్యక్షేత్రం కాదని ముందుగానే చెప్పుకోవాలి. ఆయన చేయి ఈ నగరానికి చేరిన దారి వేరు, దాని సంగతి తర్వాత వస్తుంది.

ఆయన జీవితకథ చెప్పేవారు తరచు ఒక్క వాక్యంలో దాటేసే ఘట్టం ఒకటుంది. బాపు కొంతకాలం జె. వాల్టర్ థాంప్సన్ సహా ప్రకటనల సంస్థల్లో పనిచేశారు. నా దృష్టిలో ఆయన పనితీరుకు ఇది గట్టి ఆధారం. పత్రికలో కథకు బొమ్మ వేసేవాడికి కథే ఆధారం. ప్రకటన తయారుచేసేవాడికి మాత్రం ముందు స్థలం కొలత చేతికి వస్తుంది: ఇన్ని కాలమ్‌ల వెడల్పు, ఇన్ని అంగుళాల ఎత్తు, అందులో బొమ్మ, శీర్షిక, సరుకు పేరు, ధర, చిరునామా అన్నీ పట్టాలి. పక్క ప్రకటనల నడుమ ఇది కంటికి ముందుగా ఆనాలి, ఆనిన కన్ను ఫలానా వరుసలో కదలాలి, చివరికి సరుకు పేరు దగ్గర ఆగాలి. ఏది పెద్దదిగా ఉండాలి, ఏది చిన్నదిగా ఉన్నా పరవాలేదు, ఎక్కడ ఏమీ లేకుండా వదిలెయ్యాలి అన్న నిర్ణయాలే ఆ పనిలో అసలు కష్టం. బొమ్మ వేయగలిగిన వాళ్లందరికీ ఈ నిర్ణయాలు చేతకావు. బాపు ఏ పని తీసుకున్నా, అది నాలుగంగుళాల కార్టూన్ అయినా నవల అట్ట అయినా, ఈ లెక్క ముందే తేల్చుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక ఆయన గీతను అర్థం చేసుకోవాలంటే 1950ల నాటి వారపత్రిక ఎలా అచ్చయ్యేదో కొంత తెలియాలి. కథ పాఠాన్ని కంపోజిటర్ ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి కూర్చేవాడు. బొమ్మ కావాలంటే బ్లాకు చేయించాలి. ఆర్టిస్టు ఇచ్చిన బొమ్మను ఫోటో తీసి, ఆ నెగెటివ్‌ను వెలుతురుకు స్పందించే పూత పూసిన జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేని చోట్లన్నిటినీ ఆమ్లంతో తినిపించేవారు. గీత ఒక్కటే ఎత్తుగా నిలిచేది. ఆ రేకును చెక్క దిమ్మకు బిగించి, సీసపు అక్షరం ఎత్తుకు సరిచేసి, పాఠంతో పాటు అదే చట్రంలో కట్టి అచ్చు వేసేవారు. లైన్ బ్లాకు అంటే ఇదే. ఇందులో సిరా అంటే చోటు, అంటని చోటు అని రెండే ఉంటాయి. నడిమి రంగుకు, మెత్తని నీడకు తావు లేదు. ఫోటోలో ఉండేలాంటి నీడలు కావాలంటే బొమ్మను సన్నని చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. దానికి ఖర్చు ఎక్కువ, పైగా న్యూస్‌ప్రింటు లాంటి గరుకు కాగితం మీద ఆ చుక్కలు ఒకదానిలోకి ఒకటి పాకి మరకలయ్యేవి. మరో చిక్కు కూడా ఉంది. ఆర్టిస్టు బొమ్మను సాధారణంగా అచ్చయ్యే పరిమాణం కంటే పెద్దదిగా వేస్తాడు, బ్లాకు చేసేటప్పుడు దాన్ని కుదిస్తారు. కుదించినప్పుడు మరీ సన్నని గీతలు తెగిపోతాయి, దగ్గరదగ్గరగా వేసిన గీతల మధ్య సందుల్లో సిరా నిండిపోతుంది. కాగితం మీద ఎంతో ముద్దుగా ఉన్న బొమ్మ పత్రికలో నల్లటి ముద్దగా మారడానికి కారణం ఇదే.

ఈ పరిస్థితిలో ఆర్టిస్టు ముందు రెండు దారులున్నాయి. నీడలను చిన్న చిన్న అడ్డగీతలతో నింపి హాఫ్‌టోన్‌ను అనుకరించడం ఒకటి. నీడ అనే ఆలోచననే పక్కన పెట్టి, ఆకారాన్నంతా ఆ ఆకారపు అంచు చేతనే చెప్పించడం రెండోది. బాపు తన పరిణత శైలిలో రెండో దారి పట్టారు. ఆయన గీసిన స్త్రీ ముఖంలో బుగ్గకు నీడ ఉండదు. చెవి దగ్గర మొదలై గడ్డం దాకా దిగే ఒకే గీత మధ్యలో కాస్త లావెక్కి మళ్లీ సన్నబడుతుంది, ఆ లావులోనే బుగ్గ నిండుదనం తెలుస్తుంది. జడ నల్లటి పట్టీగా పడుతుంది. ఆ నలుపు బొమ్మకు బరువిస్తుంది, కుదించినా చెదరదు, ఎంత గరుకు కాగితం మీదైనా నిలుస్తుంది. చీర అంచు మీది చుక్కలు, గళ్లు లాంటి అలంకారం ఉన్నా అది ఒకచోటే గుమిగూడుతుంది, మిగతా చీరంతా తెల్ల కాగితమే. కన్ను ఎక్కడ ఆగాలో చెప్పడానికి వివరాన్ని ఒక్కచోట పోగుచేసి మిగతాది వదిలేయడం ప్రకటనల పనిలో అలవడే క్రమశిక్షణ. తెలుగువారు ముచ్చటగా చెప్పుకునే ‘బాపు బొమ్మ’ అందంలో ఈ అచ్చు పరిజ్ఞానం వాటా చాలా ఉందని నేను నమ్ముతున్నాను. రమణ సృష్టించిన బుడుగుకు ఆయన ఇచ్చిన రూపం కూడా ఇలాంటిదే. నాలుగైదు గీతల్లో తేలిపోయే ఆ పిల్లవాడు ఎంత చిన్నగా అచ్చయినా వెంటనే గుర్తుపట్టేలా ఉంటాడు. చిహ్నాలు తయారుచేసే డిజైనర్లు కోరుకునే గుణం అదే.

అక్షరాల సంగతికి వద్దాం, ఎందుకంటే బాపు ప్రభావం అన్నిటికంటే లోతుగా దిగింది ఇక్కడే. సీసపు అక్షరాల కాలంలో తెలుగు శీర్షిక పెద్ద తలనొప్పి. తెలుగులో అచ్చుల గుర్తులు హల్లు పైన, పక్కన చేరతాయి. వత్తులు కిందికి, కుడికి దిగుతాయి. కాబట్టి ఒక పరిమాణంలో ఒక టైపు సమకూర్చుకోవాలంటే వందల దిమ్మలు కావాలి. పాఠానికి వాడే చిన్న పరిమాణంలో అంత సరంజామా ప్రతి ప్రెస్సూ పెట్టుకుంటుంది గాని, శీర్షికలకు వాడే పెద్ద పరిమాణాల్లో ఒకటి రెండు రకాలుంటే గొప్ప. పైగా లోహపు దిమ్మ చతురస్రంగా ఉంటుంది. ఒక అక్షరం వత్తు పక్క అక్షరం కిందికి జరగలేదు, ఒక దీర్ఘం తర్వాతి అక్షరం మీదుగా సాగలేదు. వత్తులకు కింద చోటు వదలాలి కనుక రెండు వరుసల శీర్షికలో వరుసల మధ్య పెద్ద ఎడం తప్పదు. ‘రాజ్యలక్ష్మి’ లాంటి మాటను పెద్ద టైపులో కూరిస్తే అక్షరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు ఎడమెడంగా నిలబడేవి.

చేత్తో రాసిన శీర్షికకు ఈ బంధనాలేవీ లేవు. అంతేకాదు, ఇందులో ఒక ఆర్థిక సౌలభ్యం కూడా ఉంది. కథకు ఎలాగూ ఒక బొమ్మ బ్లాకు చేయిస్తారు. కథ పేరు, రచయిత పేరు కూడా అదే బొమ్మలో రాసి ఇస్తే అన్నీ కలిపి ఒకే బ్లాకు అవుతాయి, అదనపు ఖర్చు లేదు. నాటి వారపత్రికల కథల మొదటి పేజీల్లో బొమ్మ, శీర్షిక విడివిడిగా కాక ఒకే అల్లికగా కనబడటానికి ఇది ముఖ్య కారణం. ఎందరో ఆర్టిస్టులు ఈ పని చేశారు. బాపు ప్రత్యేకత ఏమిటంటే బొమ్మ గీసిన చేతి కదలికతోనే అక్షరమూ రాశారు. జడను గీసిన లావుసన్నాల లయ ‘ల’ మలుపులో వినబడుతుంది. పాత్ర చూపు ఎటు ఉంటే శీర్షిక అటు నుంచి మొదలవుతుంది. పొడుగు పేరైతే దాన్ని రెండు మూడు వరుసలుగా విరిచి, పై వరుస వత్తులు కింది వరుస అక్షరాల మధ్య ఖాళీల్లోకి దిగేలా సర్దుతారు. తెలుగు లిపికి గుదిబండ అని అచ్చువాళ్లు భావించిన వత్తు ఆయన చేతిలో శీర్షికను కలిపికుట్టే ముడి అయింది. తెలుగు గ్రాఫిక్ డిజైన్‌కు ఆయన చేసిన మేలు ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే: లిపి స్వభావాన్ని దాచకుండా, దాని కిందికీ పైకీ సాగే గుణాన్నే పేజీ నిర్మాణానికి వాడుకున్నారు.

ఆ రాత అంతటా ఒకే తీరుగా ఉండదన్నది మరువరాదు. హాస్యకథ శీర్షికలో అక్షరాలు ఎత్తుపల్లాలుగా తుళ్లుతాయి. పురాణ విషయానికి వచ్చేసరికి నిలకడగా, గీతలు బరువుగా మారతాయి. కార్టూన్ సంభాషణలో అలంకారం దాదాపు ఉండదు; త్వరగా చదివించడమే అక్కడ పని. ఆయన చేతిరాత ఒక్కటే గాని ఆ రాతకు స్థాయులు అనేకం, ఏ స్థాయి ఎక్కడ వాడాలన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. ఈ మాట ఫాంట్ గురించి చెప్పుకునేటప్పుడు కీలకమవుతుంది.

పుస్తకాల అట్టల్లో మరో పరిమితి తోడైంది. రంగు పెరిగేకొద్దీ బ్లాకు పెరుగుతుంది, కాగితం మరోసారి యంత్రం మీదికి ఎక్కాలి. చౌకధర పాకెట్ పుస్తకాలకు రెండు మూడు రంగులే దిక్కు. అలాంటి అట్టల్లో బాపు రంగును నీడగా వాడకుండా చదునైన పరుపుగా వాడటం కనిపిస్తుంది. ఒక పక్క గట్టి ఎరుపు లేదా పసుపు, దాని మీద నల్లగీత, కాగితపు తెలుపే మూడో రంగు. ఎమెస్కో వంటి ప్రచురణకర్తలు తక్కువ ధరకు ఇంటింటికీ పుస్తకం చేర్చిన దశలో తెలుగు పాఠకులకు నవల అంటే ఇలా ఉంటుందన్న రూపం కళ్లలో నిలిచింది ఇలాంటి అట్టల వల్లనే. అబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇవి ఇప్పటికీ తగులుతుంటాయి. వెలిసిన రంగుతో, చిరిగిన మూలలతో ఉన్నా, నాలుగడుగుల దూరం నుంచి పుస్తకం పేరు చదవగలుగుతాం. దుకాణంలో ఎదురుగా ఉన్న కొనుగోలుదారుకు పేరు కనబడాలన్న లెక్క అంత గట్టిగా వేసిన అట్టలవి.

సినిమాల గురించి ఇక్కడ కొద్దిగా చెబితే చాలు. 1967లో ‘సాక్షి’తో దర్శకుడై 2011లో ‘శ్రీరామరాజ్యం’ వరకు తీశారు. మధ్యలో 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’ జాతీయ పురస్కారం తెచ్చింది. తీయబోయే దృశ్యాన్ని ముందుగా బొమ్మలుగా వేసుకునే ఆయన పద్ధతి పేరొందినదే. ఫ్రేమును పేజీగా, పాత్రను ఆ పేజీలో ఒక మూల నిలిపే ఆకారంగా చూసిన కన్ను అది. అమెరికాలో సాల్ బాస్ సినిమా పేర్ల వరుసలకు, పోస్టర్లకు కొత్త రూపం ఇస్తున్న 1950ల నడుమే బాపు పత్రికలోకి అడుగుపెట్టారు. ఇద్దరూ తక్కువ ఆకారాలతో ఎక్కువ చెప్పినవారే. బాస్‌ను ప్రపంచం గ్రాఫిక్ డిజైనర్‌గా చదువుతుంది, పాఠాలు చెబుతుంది. బాపును మనం ప్రేమిస్తాం గాని పాఠంగా చదవం. 2013లో పద్మశ్రీ వచ్చినా, ఆయన శీర్షికలను కొలతలతో సహా విశ్లేషించే పుస్తకం మన డిజైన్ విద్యార్థుల చేతిలో ఉండవలసినంతగా లేదు.

హైదరాబాదుకు ఆయన రాత ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పత్రికలు, ప్రచురణ సంస్థలు, ఆ తర్వాత సినిమా క్రమంగా మద్రాసు నుంచి కదిలాయి. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు మరుసటి ఏడాదికే హైదరాబాదులోనూ అచ్చయింది. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక బ్లాకు బాధ తీరింది. పేజీ మొత్తాన్ని ఫోటో తీసి ప్లేటు చేస్తారు కనుక చేతిరాత ఎక్కడైనా అతికించుకోవచ్చు. ఆ వెనకే డీటీపీ వచ్చింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తెలుగు ఫాంట్లు మార్కెట్లోకి దిగాయి, వాటిలో బాపు రాతను అనుసరించినవీ ఉన్నాయి. అప్పటి వరకు శుభలేఖ మీద అందమైన తెలుగు కావాలంటే ఒక ఆర్టిస్టును వెతుక్కోవాలి. ఇప్పుడు వీధి చివర డీటీపీ సెంటర్‌లో కీబోర్డు మీద కొడితే వస్తుంది. నగరం విస్తరించి, బోర్డులూ కరపత్రాలూ ఆహ్వానాలూ లెక్కకు మించి పెరిగిన దశాబ్దాల్లో ఈ సౌకర్యం రావడంతో ఆయన రాత హైదరాబాదు అంతటా పరుచుకుంది. దీన్ని నేను తక్కువ చేయను. మామూలు కుటుంబం తన ఇంటి శుభకార్యానికి మంచి అక్షరాన్ని చవకగా పొందగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఫాంట్‌లోకి వచ్చింది ఏమిటో దగ్గరగా చూడాలి. శుభలేఖ పైభాగాన ఉండే ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అన్న వరుసనే తీసుకుందాం. ఇందులో ‘స్తు’ మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ ‘స’కు కొమ్ము, కింద త వత్తు. ఫాంట్‌తో కొడితే మూడూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. వత్తు ఒకే లోతుకు దిగుతుంది, కొమ్ము ఒకే ఎత్తుకు లేస్తుంది. చేత్తో రాసేవాడికి మూడూ మూడు వేరు సమస్యలు. మొదటి దాని ముందు ‘శ్రీ’ కింద ర వత్తు ఉంది, కాబట్టి కింది భాగం అప్పటికే బరువుగా ఉంది. అక్కడ త వత్తును చిన్నది చేయాలి. రెండో దాని ముందు ‘మ’ చదునుగా ఉంది. వత్తు కాస్త స్వేచ్ఛగా దిగవచ్చు. మూడోది వరుసకు చివర; ‘ఘ్న’ కింది న వత్తుతో తూకం కుదరాలి, ఆ తర్వాత ఏమీ లేదు కనుక చివరి గీతను చాచి వరుసను ముగించవచ్చు. మూడు నిర్ణయాలు, మూడు రూపాలు. ఫాంట్ ఆ నిర్ణయాలు తీసుకోదు. ఎవరో ఒకసారి ఎంచిన ఒక్క ‘స్తు’ను ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. దానివల్ల చదివేవారికి తెలియకుండానే ఒక బిగువు అనుభవమవుతుంది: ఉత్సాహంగా విసిరినట్టున్న గీత పదేపదే అదే కొలతలో ఎదురైతే అది ఉత్సాహంగా తోచదు. నిలకడగా ఉండే పాఠపు అక్షరానికి ఈ పునరావృత్తి మేలు చేస్తుంది. చేతి వేగాన్నే అందంగా చేసుకున్న అక్షరానికి మాత్రం కీడు చేస్తుంది.

ఇలాంటి చిక్కును ఇదే నగరంలో మరో లిపి ఎదుర్కొంది. హైదరాబాదు ఉర్దూ పత్రికలను, 1949లో మొదలైన సియాసత్ సహా, చాలాకాలం కాతిబులు, అంటే వృత్తి లేఖకులు, చేత్తో రాసేవారు. ఛత్తా బజార్ ఇప్పటికీ ఉర్దూ రాతకు, శుభలేఖల అచ్చుకు పేరున్న చోటు. ఉర్దూకు వాడే నస్తాలీఖ్ రాతలో మాట కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది, అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. విడి అక్షరాలను పేర్చితే అది నస్తాలీఖ్ అనిపించుకోదు. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ దీనికి ఓపికతో కూడిన పరిష్కారం కనుగొన్నారు. అక్షరాలు కలిసినప్పుడు ఏర్పడే దాదాపు 20,000 కూర్పులను విడివిడిగా చేత్తో రాయగా, మోనోటైప్ సంస్థ వాటిని 1981లో నూరీ నస్తాలీఖ్ పేరుతో యంత్రంలోకి ఎక్కించింది. రాత యంత్రంలోకి వెళ్లినా, కాతిబు తీసుకునే నిర్ణయాల్లో పెద్ద భాగం దానితో పాటే వెళ్లింది. తెలుగులో ఆ దశలో జరిగింది దీనికి భిన్నం. తెలుగు అక్షరాలు ఉర్దూలా ఒకదానితో ఒకటి కలవవు కనుక ముక్కలుగా చేసి పేర్చడం సులువు: హల్లు ఒక ముక్క, గుణింతపు గుర్తు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. మామూలు అక్షరానికి అది సరిపోయింది. బాపు రాతకు సరిపోలేదు, ఎందుకంటే ఆయన అక్షరాలు తాకకపోయినా ఒకదాన్నొకటి గమనించుకుంటూ ఉంటాయి.

పాత డీటీపీ ఫాంట్లలో ఇంకో ఇబ్బంది ఉంది. అవి ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు ముక్కలను కూర్చోబెట్టాయి. ఆ ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని రోమన్ అక్షరాలు కనబడతాయి. వెతకడానికి వీలుండదు, ఇంకో ఫాంట్‌లోకి మార్చడం ప్రయాస. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ విడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి రూపంలోనే చేరింది. అందులో ‘స్తు’ అంటే ముక్కల బొమ్మలు నిల్వ ఉండవు; స, విరామం, త, ఉకారం అనే క్రమం మాత్రమే ఉంటుంది. ఆ క్రమాన్ని ఏ రూపంలో చూపాలో ఫాంట్ లోపలి నియమాలు తేలుస్తాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చి, ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వంటివి ఈ పద్ధతిలో పనిచేసేవే. రూపాన్ని నిర్ణయించే బాధ్యత నియమాల మీద పడింది కనుక ఆ నియమాలను తెలివిగా రాస్తే, ఒకే ‘స్తు’కు నాలుగైదు రూపాలు పెట్టి, ముందు అక్షరానికి వత్తు ఉంటే ఒకటి, మాట చివరైతే ఒకటి, వరుసగా రెండుసార్లు వస్తే మారు రూపం అని ఫాంట్ చేతనే ఎంపిక చేయించవచ్చు. పాశ్చాత్య దేశాల్లో చేతిరాత ఫాంట్లకు ఈ సాంకేతికతను మామూలుగా వాడుతున్నారు. తెలుగులో బాపు రాతకు దీన్ని పూర్తిగా వాడుకుంటే అది ఆయన పనికి తగిన గౌరవం అవుతుంది.

వాడకం విషయంలోనూ ఒక మాట అనాలి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద, వడ్డీ వ్యాపారం ప్రకటన మీద, ఆసుపత్రి సూచనల మీద అదే తుళ్లింత రాతను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. వాడినవారి తప్పు ఇందులో తక్కువ, వారికి దొరికినదాంట్లో అందమైనది అదే. బాపు స్వయంగా ఒక్కో సందర్భానికి ఒక్కో స్థాయి ఎంచుకున్నారు. ఫాంట్ ఆ స్థాయుల్లో ఒక్కదాన్నే తీసుకుని అన్ని చోట్లా దింపింది. మన నగరంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ పక్కపక్కన ఉండే బోర్డులు ఎన్నో. వాటిలో ఇంగ్లీషుకు నిలువుగా, ప్రశాంతంగా ఉండే అక్షరం పెట్టి, తెలుగుకు మాత్రం పండుగ రాత పెడితే, తెలుగు అలంకారానికే గాని సమాచారానికి కాదన్న భావన కలుగుతుంది. ఆయన కార్టూన్ సంభాషణల్లోని నిరాడంబరమైన రాత ఇలాంటి చోట్లకు మంచి ఆధారం కాగలదు, దాని జోలికి మాత్రం ఎవరూ అంతగా వెళ్లలేదు.

బాపు రాతకు తగిన ఫాంట్ నియమాలు కట్టే పని మొదలుపెట్టడానికి కావలసిన సామగ్రి హైదరాబాదులో ఉంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలో పాత తెలుగు అచ్చు భద్రంగా ఉంది. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ విద్యార్థులున్నారు. పత్రికల నుంచి ఆయన శీర్షికలను మంచి స్పష్టతతో స్కాన్ చేసి, ప్రతిదానికీ సంవత్సరం, పత్రిక, అచ్చయిన పరిమాణం, కథ స్వభావం రాసిపెట్టాలి. వారసుల అనుమతి, ఆయన పేరు ప్రస్తావన ఈ పనిలో మొదటి మెట్టు కావాలి. తర్వాత అక్షరాలను విడదీయకుండా జంటలుగా, ముఖ్యంగా వత్తు ఉన్న అక్షరాన్ని దాని ముందూ వెనకా ఉన్నవాటితో కలిపి నమోదు చేయాలి. హల్లుల రూపాలు ఎవరైనా త్వరగా సేకరించగలరు. ర వత్తు, య వత్తు, త వత్తు ఒక్కొక్కటి ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా మలుపు తిరిగాయో పట్టిక కట్టడానికి మాత్రం ఓపిక కావాలి, ఫాంట్ నియమాలు రాసేవారికి మొదట అవసరమయ్యేది ఆ పట్టికే.